అట్టముక్క వెనక స్టాలిన్

దుషాన్ మకవేయెవ్ 1971లో తీసిన ‘డబ్ల్యూ.ఆర్.: మిస్టరీస్ ఆఫ్ ది ఆర్గానిజం’ అనే సినిమాను నేను మొదటిసారి చూసేనాటికి, అది పుట్టిన యుగోస్లావియా ముక్కలైపోయింది. తొంభైల నడుమ అది. సరాయెవో ముట్టడి వార్తలు రోజూ పత్రికల్లో వస్తుండేవి. ఆ దేశం గురించి మాకు తెలిసినదల్లా టిటో, అలీనోద్యమం, ఇప్పుడు ఈ యుద్ధం. అక్కడ ఇటువంటి సినిమా ఒకటి వచ్చిందని, దాన్ని ప్రభుత్వం పదహారేళ్లపాటు జనానికి చూపనివ్వలేదని, దర్శకుడు దేశం విడిచిపోవలసి వచ్చిందని మా ఫిల్మ్ సొసైటీ వాళ్లు సైక్లోస్టైల్ చేసి పంచిన కాగితంలో చదివి తెలుసుకున్నాము.

ఆ రోజుల్లో ఫిల్మ్ సొసైటీలకు సెన్సారు కత్తెర పడని విదేశీ సినిమాలను సభ్యుల వరకు వేసుకొనే వెసులుబాటు ఉండేది. సినిమా కళ మీద ప్రేమతో చందా కట్టినవారు కొందరైతే, ఆ వెసులుబాటు మీద ప్రేమతో కట్టినవారు మరికొందరు. మొదటివారు ముందు వరసల్లో కూర్చొని నోట్సు రాసుకొనేవారు, రెండోవారు వెనక కూర్చొని అసలు ఘట్టం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవారు. రాజకీయాలూ శృంగారమూ కలిసిన సినిమా అని ముందే తెలిసింది గనుక ఆ సాయంత్రం రెండు వర్గాలూ పూర్తి బలంతో హాజరయ్యాయి. మూడో వర్గం ఒకటి కూడా ఉంది. వారు జీవితమంతా కమ్యూనిస్టు పార్టీలో గడిపిన పెద్దలు, సోషలిస్టు దేశం నుంచి వచ్చిన సినిమా అంటే ఏదైనా సరే చూడటం తమ విధి అనుకొనేవారు. వారిలో ఆర్థికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు నాకు గురుతుల్యులు. ఆయన పక్కనే కూర్చొన్నాను.

సినిమా పేరులోని రెండు అక్షరాలు విల్‌హెల్మ్ రైష్‌వి. అవే అక్షరాలు ఇంగ్లీషులో ప్రపంచ విప్లవానికి కూడా సరిపోతాయి. మకవేయెవ్ ఆ రెండర్థాలనూ కావాలనే పెట్టుకున్నాడు. రైష్ 1897లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టాడు. వియన్నాలో, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌కు శిష్యుడయ్యాడు. మనిషి శరీరంలో కామాన్ని అణచిపెట్టే సమాజమే నియంతలకు తలవంచే మనుషులను తయారు చేస్తుందని నమ్మి, బెర్లిన్‌లో కమ్యూనిస్టుగా పనిచేస్తూ కార్మిక కుటుంబాల యువతకు లైంగిక విషయాలలో సలహాలిచ్చే ఉద్యమం నడిపాడు. జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లోనే ఫాసిజానికి జనం ఎందుకు దాసోహమవుతారో వివరిస్తూ పుస్తకం అచ్చువేశాడు. ఆ ఏడాదే కమ్యూనిస్టు పార్టీ ఆయనను వెలివేసింది. మరుసటి ఏడాది, అంటే 1934లో, అంతర్జాతీయ మనోవిశ్లేషకుల సంఘం కూడా వెళ్లగొట్టింది. ఒకరికి ఆయన మరీ ఎక్కువ ఫ్రాయిడ్‌వాది, మరొకరికి మరీ ఎక్కువ మార్క్స్‌వాది.

1939లో అమెరికా చేరిన రైష్ అక్కడ విశ్వమంతటా నిండిన ఒక ప్రాణశక్తిని కనుగొన్నానని చెప్పి, కర్రా లోహమూ పొరలు పొరలుగా పేర్చిన నిలువు పెట్టెలు చేయించాడు. అందులో కూర్చొంటే ఆ శక్తి ఒంటికి పడుతుందని ఆయన నమ్మకం. విజ్ఞానశాస్త్రం దీన్ని ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. కాని అమెరికా ప్రభుత్వం చేసిన పని ఒప్పుకోకపోవడంతో ఆగలేదు. ఆ పెట్టెల రవాణాను 1954లో కోర్టు నిషేధించింది. ఉత్తర్వును ధిక్కరించినందుకు 1956లో ఆయనకు రెండేళ్ల శిక్ష పడింది. ఆయన పుస్తకాలను న్యూయార్క్‌లో చెత్త కాల్చే కొలిమిలో వేసి తగలబెట్టారు. 1957 నవంబరు 3న పెన్సిల్వేనియాలోని లూయిస్‌బర్గ్ జైలులో ఆయన చనిపోయాడు. నాజీలు పుస్తకాలు కాల్చారని మేమంతా చదువుకున్నాము. స్వేచ్ఛా ప్రపంచమని చెప్పుకొనే దేశంలో, అదీ యుద్ధం గెలిచిన పదకొండేళ్లకే, కోర్టు ఉత్తర్వు మీద పుస్తకాలు కాలాయని తెలిసినప్పుడు హాలులో ఒక కదలిక వచ్చింది. మా పార్టీ పెద్దలు సంతృప్తిగా తలలూపారు. సినిమా తమ వైపే ఉందని అప్పటికి వారి ధీమా.

మొదటి భాగమంతా డాక్యుమెంటరీ తీరులో సాగుతుంది. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో అమెరికా వెళ్లిన మకవేయెవ్, రైష్ చివరి ఏళ్లు గడిపిన ఊరికి పోయి అక్కడివారిని పలకరిస్తాడు. ఆయనకు క్షవరం చేసిన మంగలి, ఆయన జుట్టు ఎలా కత్తిరించమనేవాడో చెబుతాడు. ఈ మంగలి భాగం నాకు ఎంతో ఇష్టం. ఒక మనిషిని శాస్త్రవేత్త అని, పిచ్చివాడని, రాజద్రోహి అని లోకం వాదించుకొంటుంటే, ఆయన తల మీద చెయ్యి వేసిన మనిషికి ఆ జుట్టు మాత్రమే గుర్తుండటంలో ఎంతో నిజం ఉంది. ఆ తర్వాత సినిమా న్యూయార్క్ వీధుల్లో పడుతుంది. టూలీ కుప్ఫర్‌బర్గ్ అనే కవి సైనికుడి వేషంలో బొమ్మ తుపాకి పట్టుకొని జనం మధ్య తిరుగుతుంటాడు, వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. వాటి మధ్యలో మనుషులకు విద్యుత్ షాకులిచ్చే దృశ్యాలు, చైనాలో మావోను చూడటానికి కూడిన జనసముద్రం, సోవియట్ సినిమా తునకలు వస్తాయి. సినిమా మొత్తం పాత చీరల ముక్కలతో కుట్టిన బొంతలాగా ఉంటుంది. ఏ ముక్క పక్కన ఏ ముక్క పడిందన్నదే అందులో పనితనం. ఆ సంగతి నాకు ఆ సాయంత్రం తెలియలేదు. తెలియకపోవడానికి కారణం ఒక అట్టముక్క.

సినిమాలో ఒక చోట నాన్సీ గాడ్‌ఫ్రీ అనే శిల్పి, ఒక అశ్లీల పత్రిక సంపాదకుడి పురుషాంగానికి అచ్చు తీస్తుంది. మా నిర్వాహకులలో ఒకరు ముందురోజే కాసెట్ చూసి ఉన్నారు. వీడియో ప్రొజెక్టర్ దగ్గర నిలబడిన కుర్రవాడికి ఆయన ముందే ఆదేశాలిచ్చి ఉంచారు. ఆ ఘట్టం రాగానే కుర్రవాడు కాసెట్టు పెట్టె అట్టను చింపి సిద్ధంగా ఉంచుకున్న ముక్కను కటకానికి అడ్డం పెట్టాడు. తెర చీకటైంది. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. వెనక వరసల నుంచి ఈలలు, నిట్టూర్పులు. కాస్త ముందుకు వంగి కూర్చొన్నవారికి అట్ట అంచు దగ్గర ఒక సన్నని వెలుగుచార కనిపించి ఉంటుంది, వారిలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. ఎంతో సేపటికి, ఇక ప్రమాదం తప్పిందని నిర్వాహకులు సైగ చేయగా కుర్రవాడు అట్ట తీశాడు. తీసిన క్షణంలో తెర నిండా స్టాలిన్ ఉన్నాడు. జనం ముందు నిలబడి గంభీరంగా మాట్లాడుతున్నాడు.

ఒకరిద్దరి నవ్వు అప్పటికి ఇంకా ఆగలేదు. ముందు వరసలో కూర్చొన్న ఒక పార్టీ పెద్ద దిగ్గున లేచారు. స్టాలిన్‌ను చూసి నవ్వారని ఆయన అనుకొన్నారు. “ఎందుకయ్యా ఆ నవ్వు? ఏం చూశారని?” అని గట్టిగా అడిగి, జవాబు కోసం ఆగకుండా బయటికి నడిచారు. ఆయన వెంట మరో ఇద్దరు లేచారు. మా మాస్టారు మాత్రం కదలలేదు. నా చెవి దగ్గరికి వంగి, “ఆయన స్టాలిన్ కాదోయ్, గెలొవానీ. స్టాలిన్ వేషాలు వేసే నటుడు” అన్నారు. నిజమే. మకవేయెవ్ వాడుకొన్న ఆ తునక, మిఖైల్ చియౌరేలి 1946లో స్టాలిన్‌ను కీర్తిస్తూ తీసిన ఒక సోవియట్ సినిమాలోది. అంటే ఆ పెద్దాయన అలిగింది స్టాలిన్‌కు జరిగిన అవమానం మీద కాదు, స్టాలిన్ బతికి ఉండగా స్టాలిన్ మెప్పు కోసం తీసిన భజన మీద.

డీవీడీలు వచ్చిన తర్వాత, ఈ సినిమాను మళ్లీ ఒంటరిగా చూసినప్పుడు, ఆ అట్టముక్క ఏమి మింగిందో అర్థమైంది. శిల్పి చేతిలో పూర్తయిన అచ్చు నిలబడి ఉంటుంది. అక్కడి నుంచి సినిమా నేరుగా స్టాలిన్‌కు కోస్తుంది. మధ్యలో మాట లేదు, వ్యాఖ్యానం లేదు. ప్రాణమున్న శరీరం గట్టిపడి, అచ్చుపోసిన వస్తువుగా మారి, పూజకు నిలబడటమే వ్యక్తిపూజ అని దర్శకుడు ఆ రెండు దృశ్యాల అతుకుతో చెబుతున్నాడు. రైష్ పుస్తకమంతా చెప్పిన మాటను ఒక్క కత్తెర వేటులో చెప్పాడు. మా నిర్వాహకులు కాపాడాలనుకొన్నది సభామర్యాదను. అట్ట వల్ల కాపాడబడినవాడు స్టాలిన్. నగ్నత్వం కనబడనందువల్ల వెనక వరసల వారికి పెద్దగా నష్టం జరగలేదు, అటువంటివి వారు ఇంకెక్కడైనా చూడగలరు. నష్టపోయింది రాజకీయ వాక్యం. దాని మొదటి సగం అట్ట వెనక ఉండిపోయింది, రెండో సగం అర్థం లేకుండా తెర మీద నిలబడింది.

రాజకీయమూ శృంగారమూ కలిపిన సినిమాల విషయంలో సెన్సారు చేసేవారు ఎక్కడైనా చేసే పని ఇదేనని నాకు అప్పటి నుంచి ఒక అభిప్రాయం ఏర్పడింది. వారు దృశ్యాలను విడివిడిగా లెక్కపెడతారు. ఇక్కడ ఇన్ని అడుగుల నగ్నత్వం, అక్కడ ఇన్ని అడుగుల రాజద్రోహం అని. ఈ తరహా సినిమా దోషమో గుణమో ఏదైనా ఉంటే, అది దృశ్యాల మధ్య సందులో ఉంటుంది. సందును కత్తిరించడం ఎవరి తరమూ కాదు కాబట్టి చివరికి సినిమానే పెట్టెలో పెడతారు.

యుగోస్లావియాలో జరిగింది అదే. నోవీ సాద్‌లోని నియోప్లాంటా సంస్థ నిర్మించిన ఈ సినిమాకు 1971లో కాన్ చిత్రోత్సవంలో ఆదరణ దక్కింది. స్వదేశంలో మాత్రం ప్రదర్శనకు నోచుకోలేదు. 1968 జూన్‌లో బెల్‌గ్రేడ్ విద్యార్థులు ‘ఎర్ర బూర్జువాలు నశించాలి’ అని నినదించి విశ్వవిద్యాలయాన్ని ఆక్రమించిన జ్ఞాపకం పాలకులకు ఇంకా పచ్చిగానే ఉంది. ‘నల్ల అల’ అని ముద్రవేసి ఆ తరం దర్శకుల మీద పత్రికలు విరుచుకుపడ్డాయి. లాజర్ స్టొయనోవిచ్ అనే విద్యార్థి తన చదువులో భాగంగా తీసిన సినిమాకు జైలుపాలయ్యాడు. మకవేయెవ్‌ను పార్టీ నుంచి తీసేశారు. ఆయన విదేశాలకు వెళ్లిపోయి, తర్వాతి సినిమాలన్నీ దాదాపు బయటే తీసుకొన్నాడు. బెల్‌గ్రేడ్‌లో మనస్తత్వశాస్త్రం చదువుకొని, సోషలిజాన్ని నమ్మి, దాన్ని చక్కిలిగింతలు పెట్టి నవ్వించాలని చూసిన మనిషికి ఆ గతి పట్టింది.

మా ప్రదర్శన తర్వాత జరిగిన చర్చలో నగ్నత్వం గురించి ఎవరూ మాట్లాడలేదు, అందరూ మర్యాదస్తులే. మాస్టారు మాత్రం నేను గమనించని ఒక సంగతి ఎత్తారు. సినిమాలోని కల్పిత కథ బెల్‌గ్రేడ్‌లో జరుగుతుంది. మిలేనా ద్రావిచ్ నటించిన మిలేనా అనే యువతి, తానుండే వాడలోని కార్మికులను పోగుచేసి, శరీర సుఖాన్ని లెక్కలోకి తీసుకోని సోషలిజం సోషలిజమే కాదని మేడ వసారాల్లో ఉపన్యాసాలిస్తుంటుంది. ఆమె మాజీ ప్రియుడైన కార్మికుడు తాగి గోడ పగలగొట్టుకొని ఇంట్లోకి వస్తాడు. ఆమె ప్రేమించేది మాత్రం సోవియట్ యూనియన్ నుంచి ప్రదర్శనకు వచ్చిన మంచుమీది నాట్యకారుణ్ణి. అతడి పేరు వ్లాదిమీర్ ఇల్యీచ్. ఆ పేరు వినగానే హాలులో ఎవరికైనా లెనిన్ గుర్తురాకుండా ఉండడు.

మంచు మైదానంలో ఇద్దరే ఉన్న ఘట్టంలో వ్లాదిమీర్ సంగీతం గురించి మాట్లాడతాడు. గొప్ప సంగీతం వింటే మనుషుల తలలు నిమరాలనిపిస్తుందని, కాని ఈ కాలంలో తలలు నిమిరితే చెయ్యి కొరికేస్తారని, తలల మీద కొట్టక తప్పదని అతడి మాటల సారాంశం. మాస్టారు లేచి నిలబడి, “ఆ మాటలు ఎవరివో తెలుసునా మీకు? లెనినువి. బీథోవెన్ సంగీతం విన్నప్పుడు అన్నాడని గోర్కీ రాశాడు. నేను ఆ మాటలను పాతికేళ్లపాటు తరగతులలో చెప్పాను, విప్లవకారుడి హృదయం ఎంత మెత్తనిదో చూడండని” అన్నారు. హాలు నిశ్శబ్దంగా ఉంది. “ఈ మకవేయెవ్ ఆ మాటలను ఎక్కడ పెట్టాడో చూశారా? ఆ పిల్ల ప్రేమగా చెయ్యి వేసింది, ఇతడు చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ పక్కన ఈ మాటలు పెట్టాడు. మాటలు మార్చలేదు. ఒక్క అక్షరం వక్రీకరించలేదు. చోటు మార్చాడు, అంతే.”

కోపంతో అన్నారో, మెచ్చుకోలుతో అన్నారో ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. అటు తర్వాత ఎన్నోసార్లు కలిసినా ఆ విషయం ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ చెంపదెబ్బే ఈ సినిమా మొత్తానికి కీలకమని నా అభిప్రాయం. కొట్టిన మరుక్షణం వ్లాదిమీర్ మొహంలో పశ్చాత్తాపం కనిపిస్తుంది. మానవాళిని ప్రేమించగలడు గాని ఎదురుగా ఉన్న ఒక్క మనిషి చేతి స్పర్శను భరించలేడు. ఇవిత్సా విదోవిచ్ ఆ పాత్రను ఎక్కడా హాస్యానికి దిగజార్చకుండా నటించాడు కనుకనే ఆ దెబ్బ చూసేవారికి తగులుతుంది.

సినిమాలో నాకు నచ్చనివీ ఉన్నాయి. న్యూయార్క్ భాగంలో కొంత సాగతీత ఉంది. ఆ కాలపు అమెరికా కుర్రకారు స్వేచ్ఛ పేరుతో చేసిన చేష్టలను మకవేయెవ్ ఎగతాళి చేస్తున్నాడో, ముచ్చటపడుతున్నాడో తేల్చుకోలేనట్టు కెమెరా వాటి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. స్వేచ్ఛ కూడా అమ్మకపు సరుకు అయిపోయిందని చెప్పదలచుకొన్నాడనే విమర్శకుల మాట సబబే గాని, ఆ మాట చెప్పడానికి అంత నిడివి అక్కర్లేదు. ఇకపోతే, బ్రిటన్‌లో చానల్ ఫోర్ ప్రసారం కోసం ఆయనే స్వయంగా తయారుచేసిన ప్రతి గురించి చదివి చాలాసేపు నవ్వుకొన్నాను. చూపకూడని చోట్ల తెర మీద బంగారు చేపలను ఈదించాడట. కప్పడం తప్పనప్పుడు కప్పడాన్ని కూడా సినిమాలో భాగం చేసుకొన్నాడు. మా కుర్రవాడి అట్టముక్కకు ఆ తెలివి ఎక్కడిది?

చివరి ఘట్టం గురించి ఆ సాయంత్రం లేచిన ప్రశ్న మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు. మిలేనాతో కలిసిన తర్వాత వ్లాదిమీర్ తన స్కేటు అంచుతో ఆమె తల నరికేస్తాడు. శవపరీక్ష గదిలో పళ్లెం మీద పెట్టిన ఆ తల కళ్లు తెరిచి మాట్లాడుతుంది, తన కమ్యూనిస్టు గతానికి ఇప్పటికీ సిగ్గుపడటం లేదంటుంది. నెత్తుటి చేతులతో వ్లాదిమీర్ మంచులో తిరుగుతూ బులాత్ ఒకుద్జావా రాసిన ప్రార్థనాగీతం పాడతాడు. ఆమె నవ్వు ముఖం మీదుగా తెర రైష్ నవ్వు ముఖానికి మారుతుంది. ఆ పాట విని చాలామంది కళ్లు తుడుచుకొన్నారు. అప్పుడు, చరిత్ర బోధించే ఒక అధ్యాపకురాలు, మా సొసైటీలో ఉన్న కొద్దిమంది స్త్రీలలో ఒకరు, లేచి అడిగారు.

“మాస్టారూ, హంతకుడికి పాట ఇచ్చారు, ఆమెకు పళ్లెం ఇచ్చారు. ఇందులో విప్లవం ఎక్కడుంది?”

తల మాట్లాడుతూనే ఉంది కదమ్మా, ఓడిపోలేదనే కదా దాని అర్థం, అని మాస్టారు మెల్లగా అన్నారు.

“మిలేనా ఇంట్లోనే ఉండే యాగొదాను చూడండి. మిలేనా ఉపన్యాసాలిస్తుంటే ఆ పిల్ల తనకు నచ్చిన సైనికుడితో సుఖంగా ఉంది. ఒక్క సిద్ధాంతమూ మాట్లాడలేదు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. మాట్లాడిన ఆడదాని తలే తెగింది. దర్శకుడు ఈ సంగతి మనకు చూపిస్తున్నాడా, తానూ అదే నమ్ముతున్నాడా?”

మాస్టారు జవాబు చెప్పలేదు. మరొకరు లేచి, అది ప్రతీక అని, తల అంటే సిద్ధాంతమని ఏదో వివరించబోతే, ఆవిడ “ప్రతీకలకు ఎప్పుడూ ఆడవాళ్ల తలలే దొరుకుతాయి” అని కూర్చొన్నారు.

డీవీడీలో చూసినప్పుడు ఆవిడ ప్రశ్నను మనసులో పెట్టుకొనే చూశాను. అన్నిటినీ బాహాటంగా చూపే ఈ సినిమా, ఆ హత్యను మాత్రం తెర మీద చూపదు. ప్రేమ ఘట్టం తర్వాత వచ్చేది తెగిన తలే. మధ్యలో వ్లాదిమీర్ చేసిన పని లేదు. మనం అతణ్ణి నరుకుతుండగా చూసి ఉంటే, చివరి పాటకు మన కళ్లు అంత సులువుగా చెమర్చేవి కావు. మకవేయెవ్‌కు ఈ సంగతి తెలియకుండా ఉండదు, అతుకులలో అంతటి నేర్పరి మరొకడు లేడు. అందుచేత ఈ ఒక్క విషయంలో నేను మాస్టారి పక్షం కాదు, ఆవిడ పక్షమే. మిలేనా ద్రావిచ్ 2018 అక్టోబరులోనూ, మకవేయెవ్ 2019 జనవరిలోనూ కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళి వ్యాసాలన్నీ ఆ మాట్లాడే తలను గొప్ప బింబమని కీర్తించాయి. యాగొదా ప్రస్తావన నేను చదివినవాటిలో ఒక్కదానిలోనూ లేదు.